పటములేని పేట

చిలకలూరిపేటకు రైలు లేదు. ఈ మాట యెత్తగానే పేటవారు నిట్టూర్తురు. పొరుగూరివారు చిఱునవ్వు నవ్వుదురు. 19వ శతాబ్ది చివర ఈ సీమకు రెండు ఇనుపదారులు వచ్చినవి. ఒకటి గుంటూరునుండి నరసరావుపేట, వినుకొండల మీదుగా గుంతకల్లునకు పోయినది. రెండవది బెజవాడనుండి తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలుల మీదుగా చెన్నపట్టణమునకు పోయినది. ఆ రెంటినడుమ నున్న పేటకు దక్కినది చెన్నపట్టణమును కలకత్తాతో కలుపు రాజబాట యొక్కటియే. ఆ బాటయే పేటను సాకినది. ప్రత్తిబోరెములు, పొగాకు బేళ్లు, మిరపకాయల బస్తాలు ఆ బాటమీదనే నడచినవి. బాట లారీలను పిలిచినది. లారీలు మిల్లులను పిలిచినవి. మిల్లులు కూలిజనమును పిలిచినవి. 2011 జనాభా లెక్కలనాటికి పేట జనసంఖ్య లక్ష దాటినది.

రైలు లేదని మేము వగచుట లేదు. రైలుకంటె ముందుండవలసినది ఒకటి పేటకు లేదు. అది పటము. మునిసిపలు కచ్చేరీ బీరువాలో రంగులు పూసిన కాగితము లేదని మా యభిప్రాయము కాదు. పేటను, చుట్టుపల్లెలను, నల్లరేగడి పొలములను, వాగులను, మిల్లులను, బస్సుదారులను ఒక్క చూపున చూచి, రాబోవు ఇరువదియేండ్లలో జనము ఎక్కడ నివసించును, ఎక్కడ పని చేయును, ఇంటినుండి పనికి ఎట్లు పోవును అను మూడు ప్రశ్నలకు ఒక్కటిగా జవాబు చెప్పు పటము, గృహస్థులు చూచి యెఱిగిన పటము, లేదని మా మొఱ.

జనము పెరుగుచున్నదని అందఱును అందురు. ఎట్లు పెరుగుచున్నదో అడుగువారు కొందఱే. పూర్వము జనాభా యనగా పురుళ్ల లెక్క. ఇప్పుడట్లు కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున ఒక్కొక్క స్త్రీకి కలుగు సంతానము సగటున 1.7 మాత్రమే, జనసంఖ్య తగ్గక నిలుచుటకు కావలసిన 2.1 కంటె ఇది తక్కువ. ఇద్దఱికి మించి బిడ్డలున్నవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదను పాత నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించినది. ఎక్కువమందిని కనుడని పెద్దలే చెప్పు కాలము వచ్చినది. అయినను పేట పెరుగుచునే యున్నది. ఏలయన ఊయలలు నిండి పట్టణములు పెరుగుట లేదు. పల్లెలు ఖాళీయగుచు పెరుగుచున్నవి. పనికొఱకు, చదువుకొఱకు, ఆసుపత్రికొఱకు మనుష్యులు బాటచెంతకు వచ్చి చేరుచున్నారు. కాన మన సమస్య మనుష్యులు హెచ్చగుట కాదు. వచ్చినవారిని ఎక్కడ నిలుపవలెనో మనము తలపోయకుండుట.

ఆ తలపోత లేనిచోట ఏమి జరుగునో చూడుడు. 1999లో దేశపు నాలుగు మహానగరములను కలుపు రహదారులను వెడల్పుచేయ మొదలుపెట్టిరి. పేట మీదుగా పోవు బాట వెడల్పైనది. 2010లో సంఖ్య మాఱి, 5వ జాతీయ రహదారిగా నుండినది 16వదైనది. వాడరేవునుండి చీరాల, పేట, నరసరావుపేటల మీదుగా పిడుగురాళ్లకు పోవు మఱియొక రహదారి దానిని పేటయొద్దనే దాటును. గణపవరము చుట్టును నూలుమిల్లులు లేచినవి. యడ్లపాడు మండలమున వంకాయలపాడుకడ సుగంధద్రవ్యముల పార్కు వెలసినది. గుంటూరు మిర్చియార్డునకు పోవు దారులపొడవునను శీతల గిడ్డంగులు లేచినవి. ఇవన్నియు మంచివే. మిల్లు వలదని, గిడ్డంగి వలదని మేమనము. కాని మిల్లు ఒకచోట లేచినది, మిల్లుకూలి ఇల్లు మఱియొకచోట లేచినది, బస్సు మూడవచోట ఆగుచున్నది. ఈ మూటిని కలిపి ఆలోచించిన కచ్చేరీ ఏది?

భూమిని పొలమునుండి స్థలముగా మార్చుట 2025 దాక రెవిన్యూవారి పనిగా నుండినది. లేఔటునకు ఒప్పుదల పంచాయతీది, పట్టణ ప్రణాళికవారిది. రహదారి ఢిల్లీవారిది. బస్సు ఆర్టీసీది. వాగు నీటిపారుదలవారిది. అయిదు కచ్చేరీలు, అయిదు పటములు. ఒకరి పటము నొకరు చూడరు. ఎవరికి వారే యమునాతీరే యన్నట్లున్నది. వీటిపైన ఒక పెద్దదిక్కు నుంచవలెనను తలంపు ప్రభుత్వములకు కలుగకపోలేదు. 2014లో రాజధాని ప్రాంతమున కొక ప్రాధికారసంస్థను చట్టముచే పుట్టించిరి. 2020లో ఆ చట్టమును రద్దుచేసిరి. 2021లో ఆ రద్దును రద్దుచేసిరి. 2022లో జిల్లాలనే విడదీయగా, గుంటూరు జిల్లాలోని పేట పల్నాడు జిల్లాలోనికి వచ్చినది. 2024లో రాజధాని ప్రాంతమునకు మరల పాత హద్దులనే నిశ్చయించిరి. పదియేండ్లలో ఇన్నిమాఱులు గీతలు చెరిపి గీసినచోట, ఇరువదియేండ్ల ఆలోచన యెవరు చేయుదురు? హద్దులు మాఱినపుడెల్ల కచ్చేరీ బల్లలు కదలినవి. భూమి వ్యాపారి మాత్రము ఒక్కనాడును ఆగలేదు. పటము గీయుటలో ప్రభుత్వము తడబడుచుండగా, అతడు హద్దురాళ్లతో తన పటమును పొలములమీదనే గీసికొనుచున్నాడు.

ఆ పటము మనకు చేయుచున్న కీడు మూడు విధములు.

మొదటిది నేల. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. ప్రత్తి వేరునకు ఆ గుణము వరము. ఇంటి పునాదికి శాపము. పంటకు సాటిలేని నేలను, ఇంటికి ఒప్పని నేలను, 1967 నుండి నాగార్జునసాగరపు కుడికాలువ నీరు తాగిన నేలను, ఎకరములలో కొని గజములలో అమ్ముచున్నాము. గ్రావెలు తోలి, కమాను కట్టి, నాలుగు కొబ్బరిమొక్కలు నాటి వెంచరని పేరుపెట్టుదురు. పదియేండ్లు గడచినను అందు దీపము వెలుగదు, పైరు మొలవదు. తుమ్మచెట్లు మాత్రము మొలచును. ఊరికిని చెందక సేద్యమునకును చెందక నేల చచ్చినదగును.

రెండవది నీరు. కొండవీటి కొండలచుట్టును ఉన్న ఈ మైదానమున ఓగేరు, కుప్పగంజి మొదలైన వాగులు ఏడాదిలో పదినెలలు నిద్రించును. నిద్రించు వాగును చచ్చిన వాగనుకొని దాని గట్టుదాక రాళ్లు పాతుదురు. దాని మీదుగా ఇఱుకు తూములతో దారులు వేయుదురు. తుపాను వచ్చిన రాత్రి వాగు తన పాతదారి వెదకికొనుచు వచ్చును. అపుడు వాగు ఇండ్లలోనికి చొచ్చినదని మనము వ్రాయుదుము. ఇండ్లే వాగులోనికి చొచ్చినవని వ్రాయుట న్యాయము.

మూడవది మనుష్యుల ప్రాణము. దీనినే మేము ముఖ్యముగా పాఠకుల మనస్సునకు తేగోరుచున్నాము. సంక్రాంతి దాటినది మొదలు వేసవిదాక ఈ సీమలో మిరపకోతలు. తెల్లవాఱకమునుపే స్త్రీలు సద్దిమూటలతో ఆటోలెక్కుదురు. నలుగురు కూర్చుండవలసిన బండిలో పదుగురు కూర్చుండి, కాళ్లు వెలుపలికి వ్రేలాడవైచి, గంటకు నూఱు కిలోమీటర్ల వేగమున పోవు వాహనముల నడుమ రహదారిని దాటుదురు. మిల్లు షిఫ్టు మాఱువేళ మేము ఆ బాటప్రక్కను నిలిచి చూచితిమి. చీకటిలో ఆడపిల్లలు క్యారేజీలు చేతబట్టుకొని, చెప్పులు విడిచి చేతికి తీసికొని, నడిమిగోడ యెక్కి దిగి అవతలికి పరుగెత్తుచుండిరి. వారి ఇండ్లు అవతల, మిల్లు ఇవతల. నడుమ ఆఱువరుసల రహదారి. దానిని వేసినవారు లారీకి ఎన్నివరుసలు కావలయునో లెక్కించిరి గాని ఈ పిల్లను లెక్కించినట్లు లేదు. ఆటోలు బోల్తాపడి కూలిస్త్రీలు మరణించిరని పత్రికలో చదివినపుడు డ్రైవరు నిద్రమత్తు కారణమందుము. పొలమును, కాలనీని, మిల్లును కలుపు బస్సు లేకుండుట కారణమని యేల యనము?

2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించిరి. మెచ్చదగినదే. కాని బస్సే పోని కాలనీలో ఉన్న స్త్రీకి ఉచితపు టిక్కెట్టు ఏమి మేలు చేయును? 2020 డిసెంబరు మొదలు రాష్ట్రమంతట పేదలకు లక్షలకొలది ఇండ్లస్థలములు పంచిరి. అదియు మెచ్చదగినదే. కాని పేదకు స్థలమిచ్చువారు, ఏ ప్రభుత్వమువారైనను, చవుకభూమిని వెదకుదురు. చవుకభూమి యుండునది బస్సు పోనిచోటనే. ఇంటికి అద్దె తప్పించి, ఆ యద్దెను ఆటోకు కట్టించుట దానమా? ఇల్లిచ్చు శాఖయు బస్సిచ్చు శాఖయు ఒక్కనాడు ఒక్కగదిలో కూర్చుండియున్నచో, రెండు మంచిపనులు కలిసి ఒక మేలై యుండెడివి.

ఇక మా మాటకు ఎదురుచెప్పువారి వాదములు. పక్కదారి వచ్చినది గదా, ఇక బాధ తీరినదని కొందఱందురు. రహదారి బండ్లు ఊరిలోనికి రాకుండునట్లు పేటను చుట్టి పోవు, సుమారు 16 కిలోమీటర్ల పొడవైన, ఆఱువరుసల పక్కదారిని ఈ దశాబ్దమున నిర్మించిరి. ఊరినడుమ లారీల రొద తగ్గుట మాకును సంతోషమే. కాని యొక్కటి గుర్తుంచుకొనవలెను. పాత రాజబాటయు ఒకప్పుడు పొలములనడుమనే పోయినది. దాని ప్రక్కను ఇండ్లు, అంగళ్లు చేరుటచేతనే పక్కదారి కావలసివచ్చినది. క్రొత్తదారి ప్రక్కలను కావలసినట్లు అమ్మనిచ్చినచో, ఇంకొక తరమునకు పక్కదారికి పక్కదారి కావలయును. దారి వేయుట సగముపని. దారిప్రక్క నేల యేమి కావలెనో తేల్చుట మిగిలిన సగము. ఆ సగము విడిచిన దారి జనమును మోయదు, జనమును చెదరగొట్టును.

రైతు తన భూమిని తనకు నచ్చిన ధరకు అమ్ముకొనరాదా యని ఇంకొందఱడుగుదురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. ప్రత్తిధర పడిపోయిన యేట, మిరపకు తెగులు పట్టిన యేట, భూమియే రైతునకు తుదిదిక్కు. కాని వెంచరు లాభములో రైతునకు చేరునది ఎంత? ఎకరమును అమ్మినవాడు రైతు. గజములలో అమ్ముకొన్నవాడు వేఱొకడు. దారి వచ్చునని ముందుగా తెలిసినవాడు కొనును, తెలియనివాడు అమ్మును. పటము అందఱికంటబడునట్లు వ్రేలాడదీసిననాడు ఆ రహస్యపు లాభము పోవును. కావున బహిరంగమైన పటము రైతునకు శత్రువు కాదు, దళారికి శత్రువు.

నేరమంతయు దళారిదేయని ముగించినచో మేము అసత్యమాడినవారమగుదుము. ఈ పత్రికను చదువు మన ఇండ్లలోనికి చూచుకొందము. చీటీ పాడి స్థలము కొన్నవారు మనలో లేరా? పిల్ల పెండ్లికి పనికివచ్చునని రెండువందల గజములు వ్రాయించినవారు లేరా? వరకట్నమును సభలలో ఖండించి, ఇంట దానిని స్థలముగా మార్చి యిచ్చినవారు లేరా? ఆ స్థలమున ఇల్లు కట్టము. దానిని ఒకమాఱు చూచి వచ్చినవారమును కాము. దస్తావేజు బీరువాలో, నేల బీడులో. కట్నపు దురాచారమే నేడు నల్లరేగడిమీద హద్దురాయియై నిలిచినది. ఒప్పుదల లేని వెంచరని తెలిసియు కొనుటకు మనకు వెఱపు లేదు. ఏలయన ప్రభుత్వము నేడు గాకున్న రేపు క్రమబద్ధము చేయునని మన నమ్మకము. ఆ నమ్మకము వమ్ము కాలేదు. అనుమతిలేని లేఔటులను రుసుము గైకొని క్రమబద్ధము చేయుటకు 2007లో నిబంధనలు వచ్చినవి. 2020లో మరల వచ్చినవి. తప్పునకు క్షమాపణ ఒకమాఱు దొరకినచో దయ. మాటిమాటికి దొరకినచో అది తప్పునకు కట్టిన ధర.

పట్టణ ప్రణాళిక విదేశపు వేడుకయని కూడ కొందఱు వెక్కిరింతురు. ఈ నేలమీద అది నూఱేండ్లకు పైబడిన మాట. ప్యాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లండు పండితుడు 1914-15 కాలమున చెన్నరాజధానికి వచ్చి, పట్టణములలో కాలినడకను తిరిగి, ఊరిని పడగొట్టి క్రొత్తగా కట్టుటకంటె రోగమున్నచోటనే శస్త్రము పెట్టి తక్కినదానిని కాపాడుట మేలని బోధించినాడు. 1920లో చెన్నరాజధాని పట్టణ ప్రణాళిక చట్టము పుట్టినది. అందొక న్యాయమైన సూత్రమున్నది: ప్రణాళికవలన విలువ పెరిగిన భూమి యజమాని, ఆ పెరుగుదలలో కొంత ఊరికి చెల్లింపవలెను. ఊరు వేసిన దారివలన వచ్చిన లాభమున ఊరికి భాగమీయుటకంటె ధర్మమేమి? ఆ సూత్రమును గట్టిగా నడపినచో కాలనీలకు బస్సులు నడపు ధనమును కొంత దానినుండియే సమకూర్చవచ్చును.

నేలను దారిని కలిపి ఆలోచించిన ఫలమెట్లుండునో చూడగోరువారికి డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగన్ యొక నిదర్శనము. ఆ నగరమువారు 1947లో ఒక పటము గీసిరి. అది చాచిన చేతివలె నుండును. పాతనగరము అఱచేయి, దానినుండి బయలుదేఱు రైలుదారులు అయిదువ్రేళ్లు. క్రొత్త ఇండ్లు వ్రేళ్లపొడవుననే, స్టేషనుల చెంతనే రావలెను. వ్రేళ్ల సందులలో పొలములు, తోపులు నిలువవలెను. ఎవడెక్కడ కాపురమున్నను ఒకవైపు బండి, ఒకవైపు పచ్చదనము. పేట కోపెన్‌హేగన్ కాదని మేమెఱుగుదుము. కాని పేటకును వ్రేళ్లున్నవి: గుంటూరుదారి, నరసరావుపేటదారి, చీరాలదారి, ఒంగోలుదారి. సందులలో రేగడి యున్నది. కొఱతపడినది వ్రేళ్లను సందులను వేఱుచేసి చూచు కన్ను.

ఆ కన్నుగా నుండవలసిన సభయొకటి మన రాజ్యాంగమునందే యున్నది. 1993లో అమలులోనికి వచ్చిన 74వ సవరణచే ప్రతి జిల్లాకు ఒక ప్రణాళికాసంఘ ముండవలెనని విధించిరి. పంచాయతీల ప్రణాళికలను, మునిసిపాలిటీల ప్రణాళికలను ఒక్కటిగా కూర్చుట దాని పని. నేల యెట్లు వాడవలెనో, నీరెట్లు పంచుకొనవలెనో, దారులు మొదలైన వసతులెట్లు కలిసి పెరుగవలెనో చూచుట దాని విధి. అందు అయిదింట నాలుగువంతులకు తక్కువకాకుండ సభ్యులు ఎన్నికైన ప్రతినిధులనుండియే రావలెను. ఇంతకంటె పేటకు, గణపవరమునకు, యడ్లపాటికి కావలసినదేమి? క్రొత్త ప్రాధికారసంస్థలకు పేరులు వెదకు శ్రమను మానుకొని, ఉన్న సంఘమునకు ప్రాణము పోయుడని మేము కోరుచున్నాము. ఆ సంఘము ఎప్పుడు కూడినది, ఏమి తీర్మానించినది యని మీ వార్డు సభ్యుని అడిగి చూడుడు. అతని మొగమే జవాబు చెప్పును.

మేము కోరునవి నాలుగే. ఒకటి: పల్నాడు జిల్లా ప్రణాళికాసంఘము పేటకును చుట్టుపల్లెలకును కలిపి ఒక్క పటము గీయించి, తెలుగులో అచ్చువేయించి, ప్రతి పంచాయతీ గోడమీదను వ్రేలాడదీయవలెను. రెండు: ఆ పటములో బస్సుదారి చూపనిచోట క్రొత్త లేఔటునకు ఒప్పుదల యీయరాదు, పేదల కాలనీకి సయితము ఇదియే నియమము. మూడు: వాగులకు వాటి వానకాలపు వెడల్పును, రేగడిపొలములకు వాటి హద్దును పటములో నిలిపి, పక్కదారి ప్రక్కలను తెఱపిగా నుంచవలెను. నాలుగు: రహదారిని దాటుటకు మిల్లులకడ, బడులకడ కాలినడకవారికి దారి కట్టి, ఆ పిమ్మటనే దానిని పూర్తియైన రహదారి యనవలెను. రైలుమాట అటుపిమ్మట. ఒకనాడు రైలు వచ్చినను, దానికి స్టేషను ఎక్కడ నుండవలెనో చెప్పుటకైనను పటము కావలయును గదా.

ఇవి జరుగని పనులని, మనవారికి కూడి పనిచేయుట రాదని నిరాశపడువారిని ఒక్కమాఱు శివరాత్రికి కోటప్పకొండకు రమ్మందుము. పురుషోత్తమపట్టణము, కావూరు మొదలైన పల్లెలనుండి తాటిచెట్లను మించిన ప్రభలు బండ్లమీద బయలుదేఱి వచ్చును. వాటికొఱకు విద్యుత్తువారు తీగలు విప్పుదురు. దారులవారు గుంతలు పూడ్తురు. పోలీసులు బండ్లను మఱలింతురు. ఏ ప్రభ ఏదారిని రావలెనో, ఎక్కడ నిలువవలెనో పెద్దలు ముందే తేల్చుకొందురు. కులములు వేఱు, పక్షములు వేఱు, కచ్చేరీలు వేఱు. అయినను ప్రభ ఒఱగక కొండచేరును. ఒక్కరాత్రికొఱకు ఇంత పొందిక మనకు చేతనగును. కొయ్యప్రభకొఱకు తీగలు విప్పినవారము, మిల్లునుండి ఇంటికి పోవు ఆ పిల్లకొఱకు ఒక దారి కట్టలేమా? చేతకాదని మేము నమ్మము. అక్కఱ లేదనుకొనుచున్నాము, అదియే మన నేరము.